ఇంధనపు గడ్డిలో పదకొండు పిట్టలు

ఈలాయన అచ్చం పిట్టలా ఈల వేస్తే చచ్చిన పిట్ట కూడా లేచి బదులు పలికేది. సరే, చచ్చింది కాదులెండి, కునుకు తీస్తున్నదనుకోండి. బదులు పలికిన మాట మాత్రం నిజం.

అందరూ ఈలాయన అని పిలిచే ఆ మనిషి ముప్పై ఏళ్లుగా కోత మిషన్ డ్రైవరు. నానా రకాల గడ్డీ పూలూ కలిసి పెరిగే పాత బీడులో, పొదిగే పిట్ట కనబడితే చుట్టూ నాలుగు పుల్లలు పాతి, ఆ ముక్క వదిలేసి కోసేవాడు. తర్వాత గడ్డి నుంచి బండ్లకు ఇంధనం తీసే ఫ్యాక్టరీ వచ్చింది. బీడు దున్ని, మనిషెత్తు పెరిగే ఒకే రకం గడ్డి వేశారు. ‘పచ్చని ఇంధనం, పక్షులకు నేస్తం’ అని బోర్డు పెట్టారు. ఆ గడ్డిలో పురుగు లేదు, గింజ లేదు, పిట్ట వాలదు. ఉన్న పిట్టలన్నీ మిషన్ల షెడ్డు వెనక మిగిలిన రెండెకరాల బీడులో సర్దుకున్నాయి.

ఒకనాడు ఫ్యాక్టరీ గడ్డిలోనూ బీడులోనూ పిట్టల్ని లెక్కపెట్టడానికి ఇద్దరు వస్తున్నారని తెలిసింది. వాళ్ల లెక్క చెవులతోనే. ఒక చోట కూత వినబడితే ఒక పిట్ట. ఈలాయన బుర్ర చురుగ్గా పనిచేసింది. పిట్ట ఉన్నచోట కోత ఆపడమే ఆయనెరిగిన పద్ధతి. ఫ్యాక్టరీ గడ్డిలో పిట్టలు కూస్తే మిషన్లు ఆపక చస్తారా?

తెల్లారగానే చొక్కా తొడుక్కుంటుంటే భార్య అడ్డుపడింది.

“ఏమయ్యా, ఈ వయసులో గడ్డిలో దూరి కూస్తావా? పిట్టలు నవ్విపోతాయి.”

“నవ్వనీవే. అది కూడా కూత కిందే రాసుకుంటారు.”

చోటు మార్చి మార్చి పదకొండుసార్లు కూశాడు. మోకాళ్లు గీసుకుపోయాయి. గట్టు మీద నుంచి “ఇంకొకటి!” అని వినబడ్డప్పుడల్లా ఛాతీ పొంగింది.

నెల తిరక్కుండా ఫ్యాక్టరీ మేనేజరు పిలిచాడు. “రిపోర్టు అదిరిందయ్యా! మన గడ్డిలో పదకొండు పిట్టలు, బీడులో తొమ్మిదేనట. ఇక ఆ బీడెందుకు? అదీ దున్నేసి మన గడ్డే వేద్దాం. సోమవారం ట్రాక్టర్ నువ్వే ఎక్కు.”

ఈలాయన అసలు సంగతి చెప్పేశాడు. “సార్, ఆ పదకొండూ నేనే.”

మేనేజరు పడీపడీ నవ్వాడు. “నీ జోకులకేం గానీ, పద పద!”

సోమవారం మధ్యాహ్నానికల్లా ఈలాయన ట్రాక్టర్ కింద బీడంతా దుక్కి అయిపోయింది. పిట్టలు కాసేపు పైన చక్కర్లు కొట్టి, ఫ్యాక్టరీ గడ్డిని దాటి ఎటో వెళ్లిపోయాయి. మళ్లీ రాలేదు.

ఇదంతా నిజమేనా అని ఎవరైనా అడిగితే, ఈలాయన మిషన్‌కు గ్రీజు పెడుతూ తలైనా ఎత్తడు.

“కట్టుకథ. రిపోర్టు తప్పెలా అవుతుంది? లెక్కపెట్టిన రోజు నాకు జ్వరం, మంచమే దిగలేదు.”