డియర్ అనే మాటకు మా టీచరమ్మ చెప్పిన అర్థాలు

మా టీచరమ్మ పోయారని సంగం నుంచి మా బడికి కొత్తగా బదిలీ అయి వచ్చిన పంతులమ్మ చెప్పింది. నాలుగు రోజుల జ్వరమట. ఏభై కూడా నిండలేదు. స్టాఫు రూములో అందరూ అయ్యో అన్నారు. నేను తల దించుకుని పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ ఉండిపోయాను. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని సంగం బడి వాళ్లు అడిగితే ఒప్పుకున్నాను గాని, నా తప్పు రాయకుండా ఆమె మంచి రాయడం కుదరదని కూర్చున్నాక తెలిసింది.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో ఆమె మా ఊరు బోగోలుకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చారు. పెళ్లి కాలేదు. మా వసారా పక్క గదిలో అద్దెకు దిగారు. ఉతికిన చీర ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస తాను లాగి పట్టుకుని ఒక్కరే మడత పెట్టుకునేవారు. నేను సాయం పోతే, "నాకు అలవాటే, నువ్వు పోయి చదువుకో" అనేవారు. సుద్దముక్క విరిగితే తనలో తాను "ఓ డియర్" అనుకునేవారు. అది విని మేము కిసుక్కున నవ్వేవాళ్లం.

ఆ నవ్వు పట్టుకునే ఒకరోజు పాఠం చెప్పారు. డియర్ అంటే ఇష్టమైన మనిషి. డియర్ అంటే ధర ఎక్కువైన వస్తువు. "జువ్వలదిన్నె నుంచి చేపల గంప వస్తే, వంజరం పిరెం అయిపోయిందని మీ ఇళ్లల్లో అంటారు గదా. ఆ పిరెమూ ప్రియమూ ఒకటే మాట. మనకున్నట్టే వాళ్లకీ ఉంది" అన్నారు. ఇక ఉత్తరం మొదట్లో రాసే డియర్‌కు మర్యాద తప్ప ఏ అర్థమూ లేదట. కోర్టులో దావా వేసినవాడికి రాసినా డియర్ సర్ అనే రాయాలట. అదంతా నేను నోటుబుక్కులో రాసుకున్నాను. నాకు పదిహేనేళ్లు. తరగతిలో ఫస్టు నేనే.

పది రోజులకు ఆమె పేర ఒక పోస్టుకార్డు వచ్చింది. ఆమె బడిలో ఉన్నారు, నేను జ్వరం తగిలి ఇంట్లో ఉన్నాను. మా నాయనమ్మ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఏం రాసుందో చదవమంది. వడ్లు చెరగడానికి వచ్చిన ఆడవాళ్లు ముగ్గురు చేటలు ఆపి నా వైపు చూశారు. నా ఇంగ్లీషు వినాలని మా ఇంట్లో ఎవరైనా అడగడం అదే మొదలు.

గొలుసుకట్టు రాత. సగం అర్థం కాలేదు. అర్థమైనంత వరకు చదివాను. పైన మై డియర్ అని ఆమె పేరు. నడుమ ఒకచోట వెరీ డియర్. ఆఖర్న జూను దాకా ఆగమనీ, తానే వస్తాననీ. కింద మగవాడి పేరు. "నా ప్రియమైన" అని మొదలుపెట్టి అన్నీ తెలుగులో చెప్పాను. చెబుతుండగానే పాఠం గుర్తుకొచ్చింది. వంజరం కూడా గుర్తుకొచ్చింది. కాని ఆ ముగ్గురూ నోళ్లు తెరుచుకుని వింటున్నారు. నేను ఆగలేదు. ప్రేమలేఖ ఎవరైనా కార్డు మీద రాస్తారా అని అక్కడున్న ఎవరికీ తోచలేదు.

సాయంత్రం టీచరమ్మ రాగానే నాయనమ్మ కార్డు ఆమె ముందు పడేసింది. ఆమె నిలబడే చదువుకున్నారు. అది తనకు చదువు చెప్పిన ముసలి మాస్టారు రాసిందనీ, మా తరగతి కోసం అడిగిన డిక్షనరీ ధర ఎక్కువగా ఉందనీ, జూన్లో తానే తెస్తానన్నారనీ చెప్పారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఆ మాటకి ఇంకో అర్థం చెప్పినాను గదమ్మా. గుర్తుందా?"

"లేదు" అన్నాను.

"మా పిల్ల అబద్ధం చెప్తదా?" అంది నాయనమ్మ. "నువ్వు చదివిచ్చిన పిల్లే గదా."

నా నోటుబుక్కు తెప్పించి చూపించమని ఆమె అడగవచ్చు. అడగలేదు. గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకున్నారు.

చేటలతో వచ్చిన మాట వీధులన్నీ తిరిగింది. తొమ్మిది మంది ఆడపిల్లల్లో ఆరుగురిని బడి మాన్పించారు. ఆమె పాఠం మాత్రం ఆపలేదు. వేసవి సెలవుల ముందు తానే బదిలీ అడిగి సంగం వెళ్లిపోయారు. పెట్టె బండిలో పెట్టుకుంటూ నాతో ఒక్క మాటన్నారు. "సగం చదివి ఆపొద్దమ్మా, పూర్తిగా చదువు." అది నా చదువు గురించో, కార్డు గురించో నేను అడగలేదు.

జూన్లో ఆ మాస్టారు నిజంగానే వచ్చాడు. బదిలీ సంగతి రాసిన ఉత్తరం ఆయనకు అందినట్టు లేదు. డెబ్బై ఏళ్ల మనిషి, చేతికర్ర, చంకలో గుడ్డ చుట్టిన లావు పుస్తకం. "మా పిల్ల ఇక్కడే గదమ్మా ఉండేది?" అని అడిగాడు. నాయనమ్మ ఆయన చంకలోని పుస్తకం వైపు చూసింది. సంగం పోయిందని చెప్పి, మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగి, ఎండలో మళ్లీ బస్సుకు నడిచాడు. ఆయన పోయాక నాయనమ్మ నన్ను పిలిచి, ఆ రెండో అర్థం నీకు అప్పుడే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. ఆమె తిట్టలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ట్రెయినింగు ముగించి నేనూ టీచరునయ్యాక ఒకసారి సంగం వెళ్లాను. ఆమె గుర్తుపట్టారు. జుట్టు అప్పుడే నెరిసింది. అన్నం పెట్టారు, ఉద్యోగం గురించి అడిగారు, పిల్లలకు స్పెల్లింగు ఎలా నేర్పాలో చెప్పారు. నోటుబుక్కు సంగతి చెప్పాలని వెళ్లి, ఆ మాట ఎత్తకుండానే అన్నం తినేశాను.

బస్సు దాకా తోడొచ్చారు. ముందురోజు వానకు కాలువ పొంగి రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. నేను ఎక్కి కూర్చున్నాక కిటికీ దగ్గరికి వచ్చి, "ఇంకేమన్నా చెప్పాలని వచ్చినావా?" అన్నారు.

"లేదు టీచరమ్మా, ఊరికే మిమ్మల్ని చూడాలని."

ఆమె తల ఊపారు. బస్సు కదిలే ముందు మరోసారి నా ముఖంలోకి చూశారు. నేను ఒళ్లోని సంచి సర్దుకున్నాను. మలుపులో వెనక్కి తిరిగి చూస్తే, ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చెళ్లు కొంచెం ఎత్తి, ఆ పారే నీళ్లలో మెల్లగా అవతలికి నడుస్తున్నారు.