సున్నంలో తడిక అచ్చు

నా చిన్నప్పుడు, తడ దగ్గర మా ఊళ్లో, ఐర్లండు దేశపు కోట ఒకటి ఎవరెవరి చేతులు మారిందో నాకు కంఠతా వచ్చు. మా ఊరి చరిత్ర ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మాకు పాఠం చెప్పే సిస్టరమ్మ ఆ దేశం మనిషి. కోట ఆమె పుట్టిన ఊళ్లో ఉంది.

కోట అంటే ఉదయగిరి లాంటిది కాదు. ఒకే ఒక రాతి గోపురం, అంతస్తుకొక గది, మెలికలు తిరిగే ఇరుకు మెట్లు. పక్క ఊరివాళ్లకు భయపడి ఒక దొర కట్టించాడు. ఇంగ్లీషు సైన్యం గుంజుకుని తమ అధికారికి బహుమానంగా ఇచ్చింది. కప్పు లేని ఇంటికి పన్ను ఉండదని అతని మనవడు పైకప్పు పీకించాడు. కింది గదికి మాత్రం రాతి కప్పు మిగిలింది. అందులో ఇప్పుడు ఆవులు ఉంటాయట. ఇన్నాళ్లకు మర్యాదస్తులు చేరారన్నమాట.

మా బడి తాటాకు తడికల పాక. ఆ తడికలు పక్కింటి అక్క అల్లినవి. ప్రతి తుఫానుకూ అవి ఎగిరిపోయేవి, ఆమె మళ్లీ అల్లి కట్టేది. కూలి అడిగేది కాదు. కడుతూ మా పాఠాలన్నీ వినేది. ఒకరోజు అలాగే తడిక కడుతూ, సిస్టరమ్మ చేతిలోని ఫొటోలోకి తొంగి చూసింది. కోట కింది గది కప్పు ఫొటో అది.

“ఇది తడిక గదమ్మా!” అంది.

తడికే. పచ్చికొమ్మలతో అల్లిన తడికను వంపుగా నిలిపి, దానిమీద రాళ్లూ సున్నమూ వేశారట. తడిక పోయి అయిదువందల ఏళ్లయినా అల్లిక అచ్చు సున్నంలో అలాగే ఉంది.

“అల్లినోళ్ల పేరేంది?”

సిస్టరమ్మ ఫొటో వెనక్కి తిప్పి చూసింది. “తెలియదమ్మా. ఎవరూ రాసిపెట్టలేదు.”

“గుంజుకున్నోడి పేరుండాది, పీకినోడి పేరుండాది, అల్లినోళ్లది లేదా? బాగుండాదమ్మా మీ చరిత్ర!”

నాకూ మండింది. బట్టీ పట్టిన పేర్లన్నీ ఒక్కసారిగా చేదయ్యాయి.

ఆ ఏడాదే పాక పీకి ఇటుకల గది కట్టారు. గుమ్మం పక్కన రాతిమీద ఒక పెద్దమనిషి పేరు చెక్కించారు. ఆయన అప్పటికి మా ఊరు చూడనేలేదు, అదొక్కటే లోటు. పాత తడికలు పొయ్యిలోకి పోయాయి. ప్రారంభోత్సవానికి అక్కను ఎవరూ పిలవలేదు. ముందురోజు ఆమే వచ్చి, లోపలి గోడ సున్నం పచ్చిగా ఉండగానే, జానెడు తడికముక్కను దానిమీద అదిమిపట్టింది.

మేస్త్రీ తాపీ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “గోడ చెడగొట్టినావు గదక్కా! రేపు అయ్యగారొస్తే నేనేం చెప్పాల?”

“ఇన్నేండ్లు ఈ పిల్లకాయలకి గోడ నేనే గదా. ఆ మాటే చెప్పు.”

అతను తుడిచేయడానికి తాపీ ఎత్తాడు. సిస్టరమ్మ వచ్చి ఆ అచ్చుకు అడ్డంగా నిలబడింది.

“ఉండనీ మేస్త్రీ. ఈసారి అల్లినవాళ్ల పేరు నాకు తెలుసు.”

గుమ్మం దగ్గరి రాతిమీద పేరు ఆ తరవాత మూడుసార్లు మారింది. అచ్చు మాత్రం ఎన్ని వెల్లలు వేసినా పూడలేదు. ఇప్పటికీ బడి బీరువా వెనక ఉంది. నేను ఎవరింటికి వెళ్లినా ‘కట్టిందెవరు?’ అని అడుగుతాను. ఇంటాయన తన పేరు చెబుతాడు. మళ్లీ అడుగుతాను. అందుకే నన్ను గృహప్రవేశాలకు పిలవడం బాగా తగ్గింది.

ఇంతసేపూ ‘పక్కింటి అక్క’ అని రాస్తూ నేనూ ఆ తప్పే చేశాను. ఆమె పేరు చెంగమ్మ.