ఆదివారం తేదీలు

అరవైల మొదట్లో అనంతపురంలోని ఒక కాలేజీలో నేను కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్ని. ప్రాక్టికల్స్ చేయించడం నా పని. రికార్డు పుస్తకంలో ప్రతి ప్రయోగం కిందా సంతకం పెట్టడం మా హెడ్డుగారి పని. ఒక్క సంతకం తక్కువైనా ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఏడాది పోయినట్టే.

ఆ ఏడు బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి ఒకడు జులై నుంచి ఆరు వారాలు కనబడలేదు. తిరిగి వచ్చినప్పుడు అడిగాను.

"ఏమప్పా, యాడికి పోయినావు ఇన్నాళ్లు?"

"పదునైంది సార్. మా నాయన బండి మీదనుంచి పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్యాడు. ఇత్తే గొర్రు పట్టేకి ఇంగెవరూ లేరు. ఏసిన ఇత్తనం ఎండిపోయె. మళ్లా వాన పడితే మళ్లా ఏసినాం."

కుందుర్పి వైపువాడు. ఆ నేలల్లో పదును, అంటే విత్తడానికి తగిన వాన తడి, రెండు మూడు రోజులే నిలుస్తుంది. ఆలోగా వేరుశనగ విత్తకపోతే చేను బీడే. పదునైందంటే మావాళ్లు పెళ్లిచూపులు కూడా మానుకుంటారు. కోస్తా నుంచి వచ్చిన మా హెడ్డుగారికి ఇదంతా వింత. "వర్షం పడిందని సెలవు అడిగేవాణ్ణి ఇక్కడే చూస్తున్నానండీ" అన్నారు, సెలవు చీటీ నా ముందు పడేసి.

ఆరు ఆదివారాలు వాడిచేత తప్పిపోయిన ఆరు ప్రయోగాలూ చేయించాను. కుళాయిల్లో నీళ్లుండేవి కావు. ల్యాబ్ అటెండరు సాయెబు తాళం తీసి, బావినుంచి బిందెడు నీళ్లు మోసుకొచ్చేవాడు. కుర్రాడు బ్యూరెట్టులోంచి చుక్క చుక్కా వదులుతుంటే సాయెబు నవ్వేవాడు.

"మీ చేన్లో పడని వాన ఈ గొట్టంలో పడతాండాది గదప్పా."

గొర్రు పట్టిన చేతులు. బ్యూరెట్టు మరను మొదట్లో విరిగేట్టు తిప్పేవాడు. మూడుసార్లు ఒకే కొలత వచ్చేదాకా నేను వదలలేదు. ఇంకో నియమం కూడా పెట్టాను. ఏ రోజు చేస్తే ఆ రోజు తేదీయే వేయాలన్నాను. డైరీ రాసేవాడి పట్టుదల అది. అదే వాడి మెడకు చుట్టుకుంది.

"ఆదివారం ల్యాబ్ ఎవరు తెరిచారండీ?" అన్నారు హెడ్డుగారు రికార్డు తిరగేసి.

"నేనే తెరిపించాను."

"కాలేజీ లేని రోజున చేసినదానికి నేనెలా సంతకం పెడతాను? టైంటేబుల్లో ఉన్న గురువారాల తేదీలు వేసుకు రమ్మనండి."

బల్లమీద అప్పుడే సంతకాలైన రికార్డులు దొంతరగా ఉన్నాయి. వాటిలో నాలుగు ఒకదాన్ని చూసి ఒకటి దించినవి. నాలుగింట్లోనూ ఒకేచోట ఒకే కూడిక తప్పు. చూపించాను.

"తేదీలు సరిగ్గానే ఉన్నాయి కదండీ" అన్నారాయన.

నా డైరీ తెచ్చి ఆరు ఆదివారాలూ తెరిచి పెట్టాను. మీ డైరీ యూనివర్సిటీకి అక్కర్లేదన్నారు. నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి బయలుదేరాను. వరండాలో కుర్రాడు అడ్డం నిలబడ్డాడు.

"వద్దు సార్. మీరు కొట్లాడి గెలిచేతలికి పరీచ్చలు అయిపోతాయి. ఈ యేడు పోతే మళ్లా సదివిచ్చేకి మా నాయనతో కాదు. ఆ గురువారాలేందో చెప్పండి, రాసుకుంటా."

మరునాడు మధ్యాహ్నం కొత్త రికార్డు పుస్తకంలో అంతా మళ్లీ రాశాడు. అదే డైరీ చూసి నేను ఒక్కొక్క గురువారమూ చెబుతూ పోయాను. అయిదో తేదీ దగ్గర వాడి కలం ఆగింది.

"ఆ పొద్దు రెండో ఇత్తనం ఏస్తాంటిమి సార్."

నా డైరీలోనూ ఆ రోజు 'నిన్న కుందుర్పి వైపు మంచి వాన' అని ఉంది.

"రాయి" అన్నాను. హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢత కనుక్కోవడం అని రాసి, ఆ తేదీ వేశాడు.

హెడ్డుగారు లోపల చదవకుండానే అన్నిటికీ సంతకాలు పెట్టారు. కుర్రాడు పరీక్ష రాశాడు, పాసయ్యాడు. ఆయన మీద కోపం ఈనాటికీ పోలేదు. ఆ ఆరు అబద్ధాలూ నా నోటితో చెప్పించారు.

ఆదివారాలున్న పుస్తకం నా డైరీల పక్కనే ఉంది. అందులో సంతకాలు లేవు.