తెర మీద లేవని పోటు

ఎవరైనా రిమోట్‌ను అరచేతికేసి టపటపా కొడుతుంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఇవాళ ఉదయం బాపట్లలో, నేను పాఠం చెప్పే కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో అదే చప్పుడు. "కొట్టకండి సార్, ముందు మీరేం నొక్కారో చూసుకోండి" అని కసిరాను. ఆ మాట నాది కాదు, రజియా మేడమ్‌ది.

తెనాలిలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు లెక్కలు చెప్పేవారు. గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ కాలేజీ మొత్తానికి ఒక్కటే. దాన్ని పాత దుపట్టా ముక్కలో చుట్టి తన బీరువాలో దాచేవారు. మాది నిజాంపట్నం, నాన్నకి పడవ పని. "ఈసారి తప్పావంటే చదువు చాలు, వచ్చి చేపల బేరం చూసుకో" అని ఆయన తెగేసి చెప్పాడు. అందుకే ప్రాక్టికల్ పరీక్షకు మా రేవులో సముద్రం పొంగి తగ్గే పోటుపాట్ల గ్రాఫు ఎంచుకున్నాను. పుట్టినప్పటినుంచీ చూస్తున్న సముద్రమేగా అని ధీమా.

తీరా పరీక్ష ముందురోజు సూత్రం ఎక్కించి బటన్ నొక్కితే, తెర మీద అడ్డంగా ఒక గీత. మళ్లీ నొక్కినా అదే గీత. కోపంకొద్దీ దాన్ని బల్లకేసి కొట్టబోతుంటే మేడమ్ వచ్చారు. "ఏంటమ్మా, కొడితే నిజం చెబుతుందా?" "పాడైపోయింది మేడమ్. టైమ్ లేదండి, మీరే చూడండి" అని బతిమాలాను. ఆవిడ చేతులు వెనక్కి కట్టుకున్నారు. మా తప్పు దొరికేదాకా యంత్రాన్ని ముట్టుకునేవారు కాదు, అదీ ఆవిడ పద్ధతి. "మీ రేవులో నీళ్లెలా ఉంటాయో ముందు గాల్లో గీసి చూపించు" అన్నారు. ఇక్కడ నా ప్రాణం మీదికొస్తే ఈవిడకి ఆటలా! అయినా వేలితో గీశాను: పోటు, పాటు, మళ్లీ పోటు, మళ్లీ పాటు. "మరి ఇది ఒక్కసారీ లేవలేదేం? మీ సముద్రం అబద్ధమా, నువ్వు దీనికి చెప్పింది అబద్ధమా?"

అప్పుడు సెట్టింగులు తెరిచాను. సూత్రంలో కోణాన్ని రేడియన్ల కొలతలో రాసి, యంత్రాన్ని డిగ్రీల కొలతలో వదిలేశాను. రోజంతటి కదలికా దాని లెక్కలో గోరంత కోణం, ఇక గీత ఏం లేస్తుంది? మార్చి నొక్కానో లేదో, మా రేవు పోటు అలా పొంగి వచ్చింది. కెవ్వున అరిచాను. పరీక్ష గట్టెక్కింది. నాన్న మళ్లీ చేపల బేరం ఊసెత్తలేదు.

పోయినేడు మేడమ్‌కి జబ్బు చేసిందని తెలిసి రేపల్లె పరిగెత్తాను. రిటైరయ్యాక అక్కడ చెల్లెలి ఇంట్లో ఉండేవారు. రక్తపరీక్షలో నయంకాని జబ్బని తేలిందన్నారు. "ల్యాబ్ వాళ్లేదో తప్పు చేసుంటారు, గుంటూరులో మళ్లీ చేయిద్దాం మేడమ్" అన్నాను. చేయించాం. అదే వచ్చింది. ఇంకోచోట అడుగుదామన్నాను. ఆవిడ నవ్వారు. "సరిచూశావుగా అమ్మా. ఇక యంత్రాన్ని తిట్టకు. కాసేపు నా పక్కన కూర్చో."

కూర్చోలేదు. ఆ డాక్టర్‌కీ ఈ డాక్టర్‌కీ ఫోన్లు చేస్తూ వరండాలో తిరుగుతూనే ఉన్నాను. ఆవిడ పోయాక కూడా నాకు కాలు నిలవడం లేదు. అనుమానించడం నేర్పింది ఆవిడే. అనుమానం తీరాక ఏం చేయాలో కూడా చెప్పారు. ఆ ఒక్క పాఠమే నాకింకా రావడం లేదు.