నాలుగు మడతల దుప్పటి

మా అక్క ఇస్త్రీ చేస్తుంది. ఇస్త్రీ అంటే ఇంట్లో రెండు చొక్కాలూ ఒక ప్యాంటూ కాదు. హోటళ్ళ నుంచి వ్యాన్లలో వచ్చే తెల్ల దుప్పట్లు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. పదిహేడేళ్ళుగా అదే పని. కుడి అరచెయ్యి ఎంత కాయలు కాసిందంటే, పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేస్తుంది. నోరు ఆ గిన్నె కంటే వేడి.

ఆవిడ మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. మంచిదే, కానీ ఆ మాట అందరి గురించీ అంటారు. మా అక్క ఏడాది పాటు ఒక మనిషి మీద పగ పట్టింది. నా కోసం పట్టిన పగ కాబట్టి దాని సంగతి నేనే చెప్పాలి.

మేం పనిచేసే లాండ్రీ ఒక పొడుగాటి రేకుల షెడ్డు. ఒక చివర ఉతికే మెషీన్లు, మధ్యలో ఆరు ఇస్త్రీ బల్లలు, రెండో చివర సూపర్‌వైజర్ గారి అద్దాల గది. మా నెత్తిన రేకులు కాలుతుంటాయి, చేతి కింద ఆవిరి బుసకొడుతుంటుంది. ఆయన గదిలో మాత్రం ఏసీ. ఎండలు మండిపోతున్నా కోటు తొడుక్కుని, టై బిగించుకుని కూర్చుంటాడు. వెనకాల చల్లదొర అనేవాళ్ళం. ఎదుటపడితే సార్.

షెడ్డులో వేడి నలభై డిగ్రీలు దాటితే పన్నెండు నుంచి మూడు దాకా ఇస్త్రీ ఆపేయాలని కంపెనీ నియమం. అది చూడ్డానికి ఒక థర్మామీటరు కూడా పెట్టారు. ఎక్కడ పెట్టారనుకున్నారు? అద్దాల గది అద్దానికి, మా వైపు అతికించారు. అవతలి వైపు సరిగ్గా అక్కడే ఏసీ గాలి తగులుతుంది. మా గడ్డాల నుంచి చెమట బల్ల మీదికి కారుతుంటే అది ముప్పైమూడు చూపించేది. చల్లదొర రోజూ పన్నెండింటికి బయటికొచ్చి, దాన్ని చూసి, రిజిస్టర్లో ముప్పైమూడు అని రాసుకుని లోపలికి పోయేవాడు. అది మోసమో మొద్దుతనమో నాకు ఇప్పటికీ తెలియదు. అక్కనడిగితే రెండూనని చెబుతుంది.

పోయిన ఎండాకాలం నేను ఆరో బల్ల దగ్గర ఉండేదాన్ని. ఆ రోజు పొద్దున్నుంచే తలనొప్పి. పదకొండు దాటాక చెమట పట్టడం ఆగిపోయింది. హమ్మయ్య, ఒళ్ళు ఆరిందని సంతోషపడ్డాను కూడా, నా తెలివి అలా ఏడ్చింది. కాసేపటికి దుప్పటి అంచు ఎక్కడుందో కనిపించలేదు. తర్వాతి సంగతి అక్క చెబితే తెలిసిందే.

నేను పడిన చప్పుడుకి రెండో బల్ల దగ్గర ఉన్న అక్క కేక పెట్టి నా వైపు రాబోయింది. చల్లదొర గది తలుపు తీసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కళ్ళు తిరిగాయి, అంతే. ఏం కాదు. చేతిలో దుప్పటి పూర్తిచేసి వెళ్ళు."

అక్క పూర్తిచేసింది. ఆవిడ జన్మలో క్షమించుకోలేనిది ఇదే. పదిహేడేళ్ళలో సగంలో వదిలేసిన దుప్పటి లేదు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. జంట మంచం దుప్పటి. నాలుగు మడతలు. ఒక్కో మడతకీ అంచులు కలిపి, ఆవిరి కొట్టి, ఇస్త్రీ పెట్టె లాగింది. ఈలోపు ఎవరో జాలిపడి నా నోట్లో నీళ్ళు పోశారు. స్పృహ లేని దాన్ని, ఎలా మింగుతాను? అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయి.

ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. బతికాను కానీ పాత మనిషిని కాలేదు. చేతులు వణుకుతాయి, వేడి తగిలితే తల తిరుగుతుంది. ఇప్పుడు షెడ్డు గుమ్మం దగ్గర నీడలో కూర్చుని దుప్పట్లకి నంబరు గుడ్డలు పిన్ను పెడుతుంటాను. తిరిగి పనిలోకి వచ్చిన రోజు అక్క నాకు రిజిస్టర్లో నేను పడిన రోజు చల్లదొర రాసిన పేజీ చూపించింది. "ఉదయం ఏమీ తినకుండా వచ్చి పడిపోయింది. షెడ్డులో వేడి 33."

"నా చేత్తో వడ్డించానే నీకు! రెండోసారి కూడా వేశాను!" అంటూ అక్క ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఏడుపు ఆ ఒక్కరోజే. నేను ఆసుపత్రిలో ఉండగానే అక్క అక్కడి నర్సు వెంట పడి అన్నీ నేర్చుకుంది. దాహం వేసేదాకా ఆగకుండా గంట గంటకీ నీళ్ళు తాగాలి. మెడకి తడి తువ్వాలు చుట్టుకోవాలి. తలనొప్పి, తిక్క మాటలు, కాలిపోయే ఒళ్ళు కనిపిస్తే ఆ మనిషిని చల్లటి చోటికి లాగేసి, బట్టలు వదులు చేసి, తడి గుడ్డలు కప్పి, ఫ్యాన్ పెట్టాలి. మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. ఆంబులెన్సును పిలవాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు. ఇదంతా మా ఆరు బల్లల వాళ్ళ చేత, ఉతికే మెషీన్ల తాత చేత ఎక్కాల్లా అప్పజెప్పించింది. క్యాంటీన్ ఫ్రిజ్‌లో ఐసు సంచి ఒకటి ఎప్పుడూ ఉండేలా చూసింది.

"మా అందరి కోసం ఎంత శ్రమపడుతున్నావే అక్కా," అన్నాను.

"మీ కోసమా? మీకు అక్కరకొస్తే మంచిదే. నేను వాడి కోసం నేర్చుకున్నా. వాడు పడాలి. నా కళ్ళముందు పడాలి. చావకూడదు, బతికి నాకు సమాధానం చెప్పాలి."

ఈ ఎండాకాలం నడిమధ్యలో ఒకరోజు అద్దాల గది ఏసీ ఆగిపోయింది. అద్దం వేడెక్కింది, థర్మామీటరు నిజం చెప్పడం మొదలుపెట్టింది. పదకొండున్నరకి నలభై ఆరు. అందరం పనాపి చూస్తున్నాం. తాత మెషీన్ కట్టేశాడు.

చల్లదొర వచ్చి దాన్ని వేలితో కొట్టాడు. "ఇది పాడైపోయింది. నిన్న ముప్పైమూడు, ఇవాళ నలభై ఆరా? ఎవరూ బల్ల వదలకూడదు. నేనిక్కడే ఉంటా, చూస్తా." అని మా మధ్యలో నిలబడ్డాడు. కోటు తీయలేదు. తీస్తే వేడిగా ఉందని ఒప్పుకున్నట్టవుతుందిగా! అక్క నీళ్ళు తాగమని గ్లాసు చూపిస్తే విదిలించాడు. పన్నెండున్నరకి మొహం ఎర్రగా కందిపోయింది. ఒంటిగంటకి రెండో బల్లని మూడో బల్ల అనీ, మూడోదాన్ని ఇంకోటనీ తిట్టడం మొదలుపెట్టాడు. అక్క నా వైపు చూసింది. తిక్క మాటలు మొదలయ్యాయని నాకర్థమైంది.

ఇంకో నిమిషానికి బల్లల మధ్య కుప్పకూలాడు.

తాత ఐసు కోసం పరిగెత్తాడు, మూడో బల్లావిడ ఫోను కోసం. మిగతావాళ్ళు అక్క మాట కోసం చూస్తున్నారు. అక్క కదల్లేదు. చేతిలో దుప్పటి ఉంది. అంచులు కలిపింది, ఆవిరి కొట్టింది, పెట్టె లాగింది. గుమ్మంలోంచి చూస్తూ నేను లోపల మడతలు లెక్కపెట్టాను. ఒకటి. రెండు. అక్కా, చాలు అని అరవచ్చు. నోరు పెగలక కాదు, అరవలేదు. మూడు. అది దొంతర మీద పెట్టి అప్పుడు కదిలింది.

కదిలాక అక్కని ఆపడం ఎవరి తరం కాదు. కోటు కత్తెరతో కోసేసింది. ఉతికే మెషీన్లోంచి తడి దుప్పట్లు లాక్కొచ్చి కప్పింది, పెద్ద ఫ్యాను అటు తిప్పించింది, ఐసు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది. నీళ్ళ గ్లాసుతో వచ్చిన వ్యాను డ్రైవర్ని ఒక్క తోపు తోసింది. అవే దుప్పట్లు పోయినేడు నా మీద ఎవరూ కప్పలేదు. ఇంకాసేపు ఆగి ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట.

సాయంత్రం పెద్ద ఆఫీసు నుంచి మనిషి వచ్చి, రిజిస్టరు రాయడం ఎవరికొచ్చని అడిగాడు. అక్క పెన్ను తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది. "ఉదయం ఏమీ తినకుండా వచ్చి పడిపోయాడు." వేడి అన్నచోట 46 అని వేసింది. తర్వాత థర్మామీటరు ఊడదీసి రెండో బల్ల పక్క స్తంభానికి మేకు కొట్టి తగిలించింది.

పదిహేను రోజులకి చల్లదొర వచ్చాడు. కోటు లేదు, మెడ సన్నబడింది. ముందుగా రిజిస్టరు తిప్పాడు.

"ఇదేంటి? నేను ఆ రోజు తినే వచ్చాను. మా ఆవిడ పెట్టింది."

"మా చెల్లీ తినే వచ్చింది సార్. నేను పెట్టాను," అంది అక్క.

ఆయన తల దించుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు వెంటనే రాబట్టి బతికానన్నారు," అన్నాడు.

"వెంటనే రాలేదు సార్. చేతిలో దుప్పటి పూర్తిచేసి వచ్చాను."

ఆ మాట ఎవరిదో ఆయనకి గుర్తొచ్చింది. నా వైపు తిరిగాడు, మొదటిసారి సరిగ్గా చూశాడు. పోయినేటి పేజీ వెతికి, నా మీద రాసిన వాక్యం కొట్టేసి, పక్కన "వడదెబ్బ" అని రాసి సంతకం పెట్టాడు. పెన్ను పట్టుకున్న చెయ్యి వణికింది. ఆ వణుకు నాకు బాగా తెలిసిందే.

ఆ రోజు నలభై దాటిందని పన్నెండింటికే పని ఆపేశారు. గుమ్మం నీడలో అక్కా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. తడి తువ్వాలు నా మెడకి చుడుతుంటే అడిగాను.

"పగ తీరిందా అక్కా, ఇంక చాలా?"

అక్క తువ్వాలు కొసలు పిండి, ముడేసింది.

"నీ రోజున నాలుగు మడతలు. వాడి రోజున చేతిలో ఉన్నది ఒంటి మంచం దుప్పటి. మూడే వచ్చాయి."