మా బావగారి పన్నెండు జట్లు

మొన్న ఆదివారం టెక్సాస్‌లో, ఫ్రిస్కోలోని మా ఇంట్లో పెసరట్లు పోస్తుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌కి పన్నెండు టీమ్స్ సరిపోవంట. ఇంకా పెంచాలని మళ్ళీ ఆర్గ్యూ చేస్తున్నారు. పెదనాన్న ఏమన్నారు?" అని అడిగింది. టీవీల్లో నిపుణులు ఎంత గొంతు చించుకున్నా, మా ఇంట్లో ఈ విషయం మీద ఆఖరి మాట మా అక్కయ్య భర్త, మా బావగారిదే. ఆయన ఆటగాడేమీ కాదు. ఉత్తరాన ఉన్న ట్రాయ్ అనే ఊళ్ళో కార్ల సీట్లు డిజైన్ చేసి రిటైరైన ఇంజనీరు. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరెందుకు పెట్టారో ఆయనకీ తెలియదు. కానీ అందులో దేశానికి ఛాంపియన్ ఎవరో తేల్చే పద్ధతి తప్పని ఆయన వాదించినంత ఓపికగా మా వైపు వాళ్ళెవరూ ఆస్తుల గురించి కూడా వాదించలేదు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, మా ఆయన ప్రాజెక్టు కుదురుకునేదాకా ట్రాయ్‌లో అక్కయ్యావాళ్ళింటి బేస్‌మెంట్‌లో ఒక చలికాలం ఉన్నాం. అప్పటికి మా అమ్మాయి నా కడుపులో ఉంది. వేవిళ్ళతో పడుకున్న నాకు బావగారు కాలక్షేపానికి ఈ ఆట రాజకీయమంతా చెప్పేవారు. దేశంలో వందకు పైగా కాలేజీ జట్లుంటే, సీజన్ చివర కోచ్‌ల ఓట్లూ కంప్యూటర్ లెక్కలూ కలిసి రెండు జట్లని ఎంచేవి. ఆ ఇద్దరే ఫైనల్ ఆడాలి, మిగతావాళ్ళు ఇంటికి పోవాలి. ఆయన ఎమ్మెస్ చేసింది మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న యూనివర్సిటీలో. ఎన్ని ఆటలు గెలిచినా దాన్ని పిలిచేవాడు లేడు. "ఇది పోటీ కాదమ్మా, పెళ్ళిచూపులు. ఇంటిపేరు చూసి ఎంచుకుంటున్నారు. పరీక్ష పెట్టి ఫెయిల్ చెయ్యమను, ఒప్పుకుంటాను. హాల్ టికెట్టే ఇవ్వకపోతే ఎలా?" అనేవారు. ర్యాంకుల కోసం పుట్టి పెరిగిన జాతి మనది. ఆ జాతిలో ర్యాంకుని నమ్మని మనిషిని నేను మొదటిసారి చూశాను.

ఆ ఏడు ఆయన కాలేజీ ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. అయినా ఆ ఇద్దరిలో పేరు రాలేదు. టీవీలో ప్రకటన విని బావగారు బూట్లు వేసుకుని బయటికి వెళ్ళి ఇంటిముందు డ్రైవ్‌వేలో మంచు ఎత్తడం మొదలుపెట్టారు. మాది అయ్యాక పక్కింటివాళ్ళది ఎత్తారు, తర్వాత ఎదురింటివాళ్ళది. అక్కయ్య కిటికీలోంచి చూసి, "ఈ ఓటమి ఏదో వీధి మొత్తానికి కలిసొచ్చిందే" అంది. నవ్వానుగాని, లేచి ఆయన కోసం టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాను.

తర్వాత ఇద్దరు పోయి నలుగురయ్యారు, ఎంచడానికి ఒక కమిటీ వచ్చింది. చిన్నవాళ్ళ సంగతి ఎక్కడి గొంగళి అక్కడే. బావగారు మాత్రం తగ్గలేదు. తెలుగువాళ్ళు తలా ఒక వంటా తెచ్చుకునే పాట్‌లక్ విందు ఎక్కడ జరిగినా పేపర్ ప్లేటు తిరగేసి, మార్కర్‌తో గీతలు గీసి, పన్నెండు జట్లు ఎలా ఆడాలో వివరించేవారు. బిర్యానీ లైనులో నిలబడ్డవాళ్ళు మొహమాటానికి తలూపేవారు. "ఏమండీ, ఆ ప్లేటు ఇటివ్వండి, గారెలు పెట్టాలి" అని అక్కయ్య లాక్కునేది. ఆయన ఇంకో ప్లేటు తీసుకునేవారు. ఒకసారైనా విసుక్కోగా నేను చూడలేదు. చివరికి నిజంగానే పన్నెండు చేశారు. ఆ రోజు నాకు ఫోన్ చేసి, "ఏమ్మా, అయిపోయింది! ఇక చిన్నవాళ్ళకీ ఒక సీటు ఉంటుంది!" అన్నారు. ఆయనే సంతకం పెట్టి వచ్చినట్టుంది ఆ గొంతు.

నిరుడు ఆ సీటు ఆయన కాలేజీకే దక్కింది. మొదటి ఆట ఎవరితో అంటే, టెక్సాస్‌లో మా అమ్మాయి చదువుతున్న పెద్ద యూనివర్సిటీతో, అదీ వాళ్ళ స్టేడియంలోనే. అక్కయ్యా బావగారూ ఫ్లైట్‌లో దిగారు. తెల్లారే కార్లో బయల్దేరి వెళ్ళాం. పార్కింగ్ లాట్‌లో ట్రక్కుల వెనక మాంసం కాల్చుకుంటున్నవాళ్ళ మధ్య అక్కయ్య పులిహోర ట్రే తెరిచింది. అవతలి జట్టు రంగులు పూసుకున్న ఒక భారీ మనిషి రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఆట మాత్రం మొదటి అరగంటలోనే తేలిపోయింది. బావగారి కాలేజీవాళ్ళని చితక్కొట్టారు. చుట్టూ జనం కేరింతలు కొడుతుంటే నాకు బావగారి మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఇన్నేళ్ళ వాదన ఆయన కళ్ళముందే అబద్ధమైపోతోందని నా భయం. అంతలో మా అమ్మాయి, చిన్నప్పటినుంచీ ఆయన దగ్గర ఉన్న చనువుతో, "సారీ పెదనాన్నా, బట్ ఆ కమిటీవాళ్ళు ఇన్నాళ్ళూ కరెక్టే అన్నమాట" అనేసింది. నేను దాని తొడ గిల్లాను.

బావగారు హాయిగా నవ్వారు. "కరెక్టో కాదో ఇవాళ తెలిసింది తల్లీ. ఇన్నేళ్ళూ వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు. మేం ఆడకుండా ఓడిపోయినవాళ్ళం. ఇవాళ ఆడి ఓడిపోయాం" అన్నారు. ఆట అయ్యాక ఆ కుర్రాళ్ళు తలలు వంచుకుని మేమున్న మూలకి వచ్చారు. కొందరు ఏడుస్తున్నారు. ఆయన లేచి నిలబడి, అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొడుతూ, "శభాష్ రా అబ్బాయిలూ!" అని తెలుగులోనే అరిచారు. ఆయన పక్కనే మా అమ్మాయి కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. గెలిచినవాళ్ళని మెచ్చుకోవడం ఎవరికైనా వస్తుంది. ఓటమిని ఇంత ఇష్టంగా అందుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మొన్న పెసరట్లు పక్కనపెట్టి ట్రాయ్‌కి ఫోన్ చేశాను. "పదహారు చేస్తారట బావగారూ, మీ అభిప్రాయం కావాలంటోంది మా అమ్మాయి" అన్నాను. "మంచిదేనమ్మా. కానీ అప్పుడు పదిహేడోవాడు ఏడుస్తాడు కదా, వాడి గురించే ఆలోచిస్తున్నా" అన్నారు, ఎంతో హుషారుగా. ఆయనకి అరవై దాటి చాలాకాలమైంది. మనం గట్టిగా కోరుకుని ఎదురుచూసిన ఏళ్ళని కాలం మన వయసులో కలపదేమో, ఆ గొంతు వింటే నాకలాగే అనిపించింది.