డాక్టరుగారి కారు

నలభై ఏడేళ్ళ లెక్కల టీచరు, అందులోనూ ఆడమనిషి, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగేసిన జర్మనీ కారు కొంటే నరసరావుపేటలో నలుగురూ ఏమంటారో నాకు ముందే తెలుసు. అన్నారు కూడా. మా స్టాఫ్ రూములో అయితే పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అని నా మొహానే అన్నారు. మా ఆయన మాత్రం ఏమీ అనలేదు. ఆయన కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు దింపించే మనిషి. అరుపులన్నీ అక్కడే అయిపోతాయి, ఇంటికొచ్చాక నోరు విప్పరు. రెండో రోజు అన్నం కలుపుకుంటూ ఒకే ఒక్క మాటన్నారు.

"దారిలో ఒక్కసారి ఆగిపోయిందంటే అమ్మేద్దాం. సరేనా?"

సరే అన్నాను. పంతానికి అన్నాను గానీ, ఆగదని నాకేం నమ్మకం లేదు.

ఎందుకు కొన్నానంటే ఏం చెప్పను! మా నాన్న పిడుగురాళ్ళ నుంచి సున్నం లారీ తోలేవాడు. సెలవుల్లో నన్ను పక్కన కూచోబెట్టుకునేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు మారుతుంటే నాకు ఒళ్ళు పులకరించేది. మిగతా ఆడపిల్లలు పట్టు లంగా కావాలని ఏడిస్తే నేను స్టీరింగు కావాలని ఏడ్చాను. పెళ్ళి, ఉద్యోగం, పిల్లల చదువులు అన్నీ అయ్యాయి. స్టీరింగు మాత్రం చిన్న కారుదే దక్కింది, అదీ మూటలు మోసే గాడిద లాంటి కారుది. మూడో గేరులో వేసి తొక్కితే దగ్గేది తప్ప పరిగెత్తేది కాదు.

ఈ కారేమో మా ఊరి డాక్టరుగారిది. పొద్దున మాచర్లలో ఆస్పత్రి, మధ్యాహ్నం మా నరసరావుపేటలో, సాయంత్రం రొంపిచెర్ల వైపు పల్లెలు. అలా తిరిగీ తిరిగీ దాని కిలోమీటర్ల లెక్క అంత పెరిగింది. చూడ్డానికి మామూలు నాలుగు తలుపుల కారే. పైకి కాడెద్దు, లోపల పందెపు గిత్త. ఆయనకి నడుం పట్టేసి, అంత కిందకుండే సీట్లోంచి లేవలేక అమ్మకానికి పెట్టారు. ఎవరూ కొనలేదు. పెట్రోలు తాగుతుంది, స్పీడు బ్రేకరు వస్తే కడుపు గీరుకుంటుంది, సామాను పోతే హైదరాబాద్ నుంచి రావాలి. అందుకే బోలెడు చవక.

"దీన్ని చూసి సంతోషపడేది పెట్రోలు బంకు వాళ్ళేనమ్మా, ఆలోచించుకోండి," అన్నారు డాక్టరుగారు తాళం చేతిలో పెడుతూ. నేను తాళం అప్పటికే పిడికిట్లో బిగించేశాను.

బండి తీసుకెళ్ళి మా మెకానిక్ భాయ్‌కి చూపించాను. బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, తల గోక్కున్నాడు.

"ఇంజను బంగారం మేడమ్. కాకపోతే దీనికి వేడి జబ్బుంది. నీళ్ళ పంపు మార్చాలి, ఆర్డరు పెడతాను. అందాకా మెల్లగా పోండి. టెంపరేచరు ముల్లు ఎరుపులోకి పోయిందంటే అక్కడికక్కడే ఆపెయ్యండి. ఆపకపోతే ఇంజను పట్టేస్తది. ఇంక పాత ఇనప సామాన్ల వాడికే."

"మరి ఆపడానికి వీల్లేని చోటైతే?"

"హీటరు ఫుల్లుగా పెట్టి అద్దాలు దించుకోండి. వేడంతా మీ మీదకొస్తది, ఇంజను బతుకుద్ది."

పల్నాడులో, మార్చి నెలలో, హీటరు! ఇద్దరం పడీపడీ నవ్వాం.

మా స్కూలు రొంపిచెర్ల దాటాక ఓ పల్లెలో. భాయ్ చెప్పినట్టే ముల్లు చూసుకుంటూ, గిత్తని పగ్గం పట్టి నడిపించినట్టు వారం రోజులు మెల్లగా పోయాను. ఆ వారంలో ఓ వింత జరిగింది. దారిలో పల్లెల దగ్గర నా కారు చప్పుడు వినపడగానే జనం అరుగుల మీంచి లేచి నిలబడేవాళ్ళు. కల్వర్టు గోడ మీద కూచున్న ఓ పెద్దాయన తలగుడ్డ తీసి దండం పెట్టాడు. ఓ అమ్మాయి చంటిపిల్లని ఎత్తుకుని కారు వెనక కొంత దూరం పరిగెత్తింది. పిల్లకి కారు చూపిస్తోంది కాబోలు అనుకుని నేను చెయ్యి ఊపాను. లెక్కల టీచరంటే ఈ ఊళ్ళలో ఇంకా మర్యాద మిగిలే ఉంది అని ఆ రాత్రి మా ఆయనకి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ తర్వాత ఓ సాయంత్రం స్కూలు వదిలాక వస్తున్నాను. మిర్చి కల్లాలు రోడ్డుకి రెండు వైపులా ఎర్రగా ఉన్నాయి, ఘాటుకి అద్దాలు ఎక్కించుకున్నాను. మలుపు తిరగ్గానే నలుగురు మనుషులు రోడ్డుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. బ్రేకు వేసి ఏమైందని అడిగేలోపే వెనక తలుపు తీసేశారు. నలభై ఏళ్ళ ఆడమనిషిని ఎత్తి సీటు మీద పడుకోబెట్టారు. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఓ ముసలమ్మ ఎక్కింది.

"డాక్టరయ్యా! మా కోడలు అయ్యా! పాము కరిచింది అయ్యా!"

ఒకతను ముందు అద్దంలోంచి తొంగి చూశాడు. చూసి బిక్కచచ్చిపోయాడు.

"డాక్టరు గారేరి?"

"నేను డాక్టర్ని కాదు బాబూ, టీచర్ని. ఆయన కారు నాకు అమ్మేశారు."

అప్పుడు అర్థమైంది నాకు. వారం రోజులుగా లేచి నిలబడింది నా కోసం కాదు. ఈ చప్పుడు వింటే డాక్టరు వచ్చాడని వాళ్ళ లెక్క. ఏళ్ళ తరబడి ఆయన్ని ఇలాగే రోడ్డు మీద ఆపి చూపించుకునేవాళ్ళట. చంటిపిల్లతో పరిగెత్తిన అమ్మాయి గుర్తొచ్చింది. నేను చెయ్యి ఊపాను ఆ పిల్లకి. ఛీ!

"అంబులెన్సుకి ఫోను చేశాం, అది చానా దూరాన ఉందంట," అన్నాడతను. "ఈమె మొగుడు మిరపకాయలేసుకుని గుంటూరు యార్డుకి పోయాడు. ఇప్పుడెట్టా?"

ముసలమ్మ నా సీటు వెనక దబదబా బాదింది.

"డాక్టరు కాకపోతే పోయింది, బండి ఆయందేగా! తోలు తల్లీ, తోలు!"

తోలాను.

రక్తపింజర అట. కల్లంలో కాయల మీద పట్టా కప్పబోతుంటే మడతలోంచి వచ్చి పాదం మీద వేసింది. అద్దంలో చూస్తే కాలు మోకాలి దాకా వాచి నిగనిగలాడుతోంది. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి. "నిద్ర పోనియ్యకు అవ్వా, కాలు కదపనియ్యకు," అని అరిచాను. నాకు తెలిసిన వైద్యం అంతే. మిగతాదంతా నా కుడికాలి పని.

పంపు మారేదాకా ఆగి తొక్కుదామనుకున్న కాలు అది. తొక్కాను. నా వీపు సీటుకి అతుక్కుపోయింది. పత్తి ట్రాక్టరు, వెనక ఆటో, ఆ వెనక బస్సు అన్నీ పక్కకి జరిగిపోయినట్టు దాటేశాను. నిజం చెప్తున్నాను, వెనక ఓ మనిషి ప్రాణం పోతుంటే కూడా ఆ ఒక్క క్షణం నాకు ఆనందం వేసింది. మరుక్షణం సిగ్గూ వేసింది. స్పీడు బ్రేకర్ల మీద కారు కడుపు గీరుకున్నప్పుడల్లా ముసలమ్మ "అమ్మో, నడుము!" అంటోంది. నేను తగ్గించలేదు.

రొంపిచెర్ల దాటగానే ముల్లు లేచింది. మధ్య గీత దాటింది, ఎరుపు అంచుకి వచ్చింది. ఆపితే ఇంజను బతుకుతుంది గానీ మనిషి బతకదు. ఆపకపోతే సగం దారిలో అదే ఆగిపోయి, పొలాల మధ్య ఈ మనిషితో కూచోవాలి. అద్దాలన్నీ దించి, హీటరు మొత్తం తిప్పేశాను. పొయ్యి మూత తీసినట్టు సెగ ఒక్కసారి కొట్టింది.

"ఏందమ్మా ఈ సెగ! పాము కరిచిన మనిషికి నిప్పుల కుంపటి పెడతావేంది?"

"మనిషికి కాదు అవ్వా, ఇంజను కోసం!"

"ఇంజనుకి చలేస్తందా?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముల్లు ఎరుపులో అడుగు పెట్టబోయి అక్కడే నిలబడింది. నేను గడ్డం కింద చెమట తుడుచుకుంటూ, దేవుడా, దేవుడా అనుకుంటూ తోలుతూనే ఉన్నాను.

ముసలమ్మ కోడలి బుగ్గలు తడుతూ మాట్లాడుతూనే ఉంది. ఆమెతోనో, నాతోనో, ఎవరితోనో.

"పొద్దున నేనే అన్నానమ్మా. టీలో చక్కెర లేదని నోరు పారేసుకున్నా. నీ పాడె గట్ట అన్నా. రోజూ అనుకునే మాటేనమ్మా, అదొకటి అంటది, నేనొకటంటా. అదేం తినకుండా కల్లానికి పోయింది. నా నోట్లో మన్ను బడ. ఒసే, కళ్ళు తెరవ్వే. నీ పాడె గట్టనులేవే. నువ్వు లేందే నాకెవరున్నారే?"

నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే రోడ్డు కనపడేది కాదు.

పేటలో జనం మధ్య హారను మీంచి చెయ్యి తియ్యకుండా ప్రభుత్వాసుపత్రి గేటు దూరాను. మెట్ల ముందు ఆపబోయేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. కారు ఒకసారి వణికి, దానంతటదే ఆగిపోయింది. స్ట్రెచర్ వచ్చింది, ఆమెని లోపలికి తీసుకెళ్ళారు. ముసలమ్మ చెప్పుల్లేని కాళ్ళతో వెనక పరిగెత్తింది. నేను వరండాలో బెంచీ మీద కూలబడ్డాను.

మా ఆయనకి ఫోను చేశాను.

"కారు ఆగిపోయింది. మీరన్నట్టే అమ్మేసుకోండి. కానీ ఇప్పుడు నన్నేమీ అడక్కండి."

ఆయన అడక్కుండానే జరిగిందంతా నేనే చెప్పేశాను. "ఆమెకెలా ఉంది?" అన్నారు. తెలియదన్నాను. "నేను వస్తున్నా. భాయ్‌ని కూడా తీసుకొస్తా. పంపు మారిస్తే సరిపోతుందేమో అడుగుదాం," అన్నారు. మా ఆయనతో పాతికేళ్ళు కాపురం చేశాను. ఆయన ఒక్కసారి ఇన్ని మాటలు మాట్లాడ్డం వినడం అదే మొదలు.

ఆ బెంచీ మీద కూచున్నంతసేపూ నా చెవుల్లో ఇంజను మోగుతూనే ఉంది. డ్యూటీ డాక్టరమ్మ ఎన్నిసార్లు బయటికి వచ్చినా మా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. లోపల ఉండనివ్వకపోతే ముసలమ్మ బయటికొచ్చి నా పక్కనే నేల మీద కూచుని నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. నేనెవరో ఆమెకి తెలియదు, ఆమె ఎవరో నాకు తెలియదు. ఇద్దరం ఒకే తలుపు వైపు చూశాం.

చీకటి పడ్డాక ఆ డాక్టరమ్మ మా ముందుకొచ్చి నిలబడింది.

"మందు పనిచేస్తోంది. సమయానికి తెచ్చారు. కొన్నాళ్ళు ఇక్కడే ఉంచాలి, కానీ ప్రాణానికి భయం లేదు."

ముసలమ్మకి అర్థం కాలేదేమో అని ఆమె చెవి దగ్గర మళ్ళీ చెప్పాను: "బతికింది అవ్వా, బతికింది." ఆమె నన్ను తోసుకుని లోపలికి పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్ళాను.

కోడలు కళ్ళు తెరిచి పైకప్పు చూస్తోంది. అత్త మొహం కనపడగానే కనుబొమలు ముడేసింది. గొంతు పీలగా వచ్చింది.

"పొద్దున నన్నేమన్నావు నువ్వు?"

"ఏమన్లేదే తల్లీ, ఏమన్లేదు."

"పాడె గట్ట అన్నావా లేదా? గట్టు, ఎట్టా గడతావో చూత్తా. నీ నోరు పడ! చక్కెర డబ్బా నీ నెత్తిమీదే ఉంది, గుడ్డిదానా. పొద్దున్నుంచీ టీ నీళ్ళు లేకుండా..."

ముసలమ్మ మంచం పక్కన చతికిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని, ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టింది. "తిట్టవే తల్లీ. ఇంకా తిట్టు. ఆపమాక," అంటోంది.

అటు మంచాల వాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. నర్సు విసురుగా వచ్చి, ఏంటీ గోల, పేషెంటు మాట్లాడకూడదు అని కసిరింది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"సిస్టర్, నీకు పుణ్యముంటుంది. కాసేపు తిట్టనీ."